మొదటి బొమ్మకు రంగు వద్దు
(కాగితపు బొమ్మల శిక్షణ తరగతి మొదటిరోజు ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది రంగులు, బ్రష్షులు వెంట తెచ్చుకున్నారు. ఈ వారం వాటిని సంచిలోనే ఉంచండి. మొదటి బొమ్మకు రంగు వేయొద్దని నేను గట్టిగా చెబుతాను. ఎందుకో వివరిస్తాను.

కాగితం, జిగురుతో బొమ్మలు చేసే ఈ పనిని పేపర్ మాషే అంటారు. పేరు కొత్తగా వినిపించినా, పని మనకు కొత్తది కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జును వెదురు చాటలకూ బుట్టలకూ పూసే అలవాటు మన పల్లెల్లో ఉండేది. సందులు పూడిపోయి పిండి కారేది కాదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చూడండి. కొండపల్లి బొమ్మల చేతులూ కాళ్లూ అతికే చింతగింజల జిగురు, రంపపు పొట్టు ముద్ద కూడా ఈ కోవలోదే.

కాగితపు పొరల బలం తెలియాలంటే పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా, చరిదా గ్రామం గురించి చెప్పాలి. ఛౌ అనే జానపద నాట్యంలో పెట్టుకునే ముఖాలు, అంటే మాస్కులు, అక్కడ చేస్తారు. మట్టితో ముఖం మలిచి, దానిమీద సన్నటి బూడిద చల్లి, జిగురులో తడిపిన కాగితం ఎనిమిది నుంచి పది పొరలు అతికిస్తారు. పైన మట్టి, గుడ్డ వేస్తారు. ఆరాక లోపలి మట్టి అచ్చు నుంచి ముఖాన్ని విడదీస్తారు. అంటుకోకుండా కాపాడేది ఆ బూడిదే. నాట్యకారుడు ఆ ముఖం పెట్టుకుని గాల్లోకి ఎగిరి మోకాళ్ల మీద దిగుతాడు. అంత కుదుపునూ తట్టుకునే బలం రంగు పడకముందే ఆ పొరల్లో చేరి ఉంటుంది.

కూర్చున్న గుడ్లగూబ బొమ్మతో మనం మొదలుపెడదాం. దానికి మెడ, కాళ్లు విడిగా చేయనక్కర్లేదు. గుర్రం చేయాలనే ఆశ ఉన్నా ఇప్పుడు వద్దు. సన్నటి కాళ్లు తడి బరువుకు వంగిపోతాయి. నలిపిన పేపరు, అట్టముక్కలు, మాస్కింగ్ టేపుతో లోపలి ఆకారం కట్టండి. బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు. అన్ని వైపులా తిప్పి చూడండి, ముఖ్యంగా వెనకవైపు. పొరలు వేస్తే వంకరలు అవే సర్దుకుంటాయని కొత్తవాళ్లు అనుకుంటారు. సర్దుకోవు. లోపల గుంట ఉంటే పైనా గుంటే. అందుకే మీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టండి.

పేపరును కత్తిరించకండి, చించండి. చించిన అంచున పీచు తేలి పక్క ముక్కలో కలిసిపోతుంది. న్యూస్ పేపరు ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, ఇంకోవైపు వంకర పోతుంది. రెండు రకాలుగానూ చించి చూస్తే మీకే తెలుస్తుంది. నున్నటి మ్యాగజైన్ కాగితం జిగురును సరిగ్గా పీల్చదు.

జిగురుకు కప్పు మైదాను కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్లలో పోసి చిక్కబడేదాకా తిప్పండి. బాగా చల్లారాకే వాడాలి. పురుగు పట్టకుండా పుస్తకాల బైండింగ్ జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపడం ఉంది. అది విషం. పిల్లలు చేతులు పెట్టే గిన్నెలో వేయొద్దు. కాస్త మెంతిపిండి వేసుకోండి.

ఒక పొర తెలుగు పేపరుతో, తర్వాతి పొర ఇంగ్లీషు పేపరుతో వేయండి. ఎక్కడ వదిలేశారో అక్షరాలే చూపిస్తాయి. రెండు మూడు పొరలు కాగానే ఆపి ఆరబెట్టాలి. ఇక్కడే అందరికీ ఓపిక చాలదు. పైన ఆరిందని మళ్లీ అతికిస్తే తడి లోపల చిక్కుకుని బూజు పడుతుంది, వాసన వస్తుంది. వానాకాలంలో, అందులోనూ కోస్తా ఉక్కలో, రెండు మూడు రోజులు పట్టినా కంగారు పడకండి. ఫ్యాను కింద పెట్టి తిప్పుతూ ఉండండి. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపలి తడి ఇంకా ఆవిరవుతోందన్నమాట.

ఇక రంగు సంగతి. రంగు పడగానే చూపంతా దానిమీదికే పోతుంది. ముక్కు పక్కకు జరిగినా, రెక్క లావైనా రంగు కప్పేస్తుంది. అక్షరాలు కనిపించే బొమ్మ ఏదీ దాచదు. ఎక్కడ జిగురు ఎక్కువై ముడత పడిందో, ఎక్కడ ముక్క పెద్దదై వంపులో లేచిందో కంటికి ఆనుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని రెండోది చేయండి. ఆ రెండోదానికి సుద్దపూత పూసి, గరుకు కాగితంతో రుద్ది, మీకు నచ్చిన రంగులన్నీ వేద్దాం.

బల్లల మీద అట్టలు, టేపు ఉన్నాయి. ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఈరోజు లోపలి ఆకారం వరకే.