పాత అంబాసిడర్‌కు కొత్త కమాన్ కట్టలు

శ్రోతలకు నమస్కారం. సాలూరు, పార్వతీపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో పాత అంబాసిడర్ కారును ఇంటి మనిషిలా చూసుకుంటున్న వారికి ఈ నాలుగు మాటలు ఉపయోగపడతాయని ఆశిస్తున్నాను.

2014లో తయారీ ఆగిపోయిన ఆ కారు వెనుక భాగాన్ని మోసేవి కమాన్ కట్టలు, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు. అవి అరిగితే కుదుపు పెరుగుతుందని మాత్రమే చాలామంది అనుకుంటారు. నిజానికి వెనుక ఇరుసును దాని స్థానంలో పట్టి ఉంచేవి కూడా అవే. సుంకి ఘాటు కొండదారి దిగుతూ బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాల దగ్గర పుట్టే బలమంతా కట్ట ముందు సగం గుండానే బాడీకి చేరుతుంది. అందుకే పగిలిన పట్టీతో ఘాటు ఎక్కడం, దిగడం ప్రమాదకరమని గట్టిగా చెబుతున్నాను.

కారును చదునైన నేల మీద నిలిపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఉన్న ఎత్తును రెండు వైపులా కొలవండి. ఒక వైపు తగ్గితే ఆ కట్టను అనుమానించాలి. తరువాత పట్టీలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, టార్చి వెలుగులో, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, ప్రధాన పట్టీ కొసన చుట్టిన కన్ను దగ్గర చూడండి. వెంట్రుకలా సన్నని చీలిక, దాని వెంట ఎర్రటి తుప్పు గీత కనిపిస్తే, ఆ పట్టీ పని అయిపోయినట్టే.

వంగిన పట్టీలను కొలిమిలో కాల్చి మళ్లీ వంపు తెప్పించడం మన వైపు అలవాటే. అయితే స్ప్రింగు ఉక్కుకు ఆ గుణం వచ్చేది సరైన వేడిలో కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తగినంత వేడి చేయడం వల్ల. ఈ క్రమం తప్పితే పట్టీ మెత్తబడి కుంగుతుంది, లేదా పెళుసెక్కి విరుగుతుంది. వెల్డింగు అసలే వద్దు. రెండు వైపులా ఒకేసారి కొత్త కట్టలు వేయడమే మేలు.

పని మొదలుపెట్టే ముందు రోజే నట్లకు తుప్పు వదిలించే నూనె పట్టించి, ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు కనుక, కట్ట ముందు కొసను బిగించిన చోటికి దగ్గరగా, బాడీ అడుగున దృఢమైన భాగం కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరవద్దు. ఇరుసుకు వేరే జాకీతో ఆధారమిచ్చిన తరువాతే కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, ఆ పైన కట్ట వెనుక కొసను బాడీకి కలిపే కదిలే లంకె అయిన షాకిల్, చివరగా ముందు కొస బోల్టు విప్పాలి.

కొత్త కట్టను ఎక్కించేటప్పుడు సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే ఇరుసు వాలుగా నిలిచి, కారు తిన్నగా నడవదు. యూ బోల్టులు కొత్తవే వేసి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

అనుభవజ్ఞులు కూడా మరిచే సంగతి ఒకటుంది. కట్ట కొసల్లోని రబ్బరు బుష్షుల బోల్టులను కారు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే, కారును కిందికి దించగానే కట్ట చదునై, రబ్బరు మెలితిరిగి, కొద్దికాలానికే చిరిగిపోతుంది. చక్రాలు నేలకు ఆని, కారు బరువు కట్టల మీద పడిన తరువాతే చివరి బిగింపు వేయాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టుల నట్లను మరోసారి సరిచూసి, ఆ తరువాతే నిండు బరువుతో ఘాటు ఎక్కండి.