కార్టూన్ చూపించి వెంటనే "అర్థం ఏంటి" అని అడక్కండి

నమస్తే అండి. క్లాసులో రాజకీయ కార్టూన్ పెట్టగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "దీని అర్థం చెప్పండి." ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే ఆ మాట చెవిన పడగానే పిల్లలు బొమ్మ చూడటం ఆపేస్తారు. టీచర్ మనసులో ఏ జవాబు ఉందో కనిపెట్టే పనిలో పడతారు. "అవినీతి సార్", "యుద్ధం సార్", "పేదరికం సార్" అని తలా ఒక మాట విసురుతారు. ఏదో ఒకటి తగులుతుంది. తగిలిందంటే చదివినట్టు కాదు.

ఈ వీడియో దాదాపు మొత్తం ఒకే బొమ్మ మీద నడిపిస్తాను.

(తెర మీద బొమ్మ)

గీసింది కార్టూనిస్టు జేమ్స్ గిల్‌రే, లండన్, 1805 ఫిబ్రవరి. భోజనాల బల్ల, దాని మీద పెద్ద గుండ్రటి పుడ్డింగ్, అంటే ఒక తీపి వంటకం. ఆ పుడ్డింగే భూగోళం. ఎడమవైపు బ్రిటన్ ప్రధాని పిట్, కుడివైపు ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్. ఇద్దరూ కోసుకుంటున్నారు.

ఇప్పుడు పిల్లల్ని అడగండి: "ఏం కనిపిస్తోంది?" అంతే. రెండు నిమిషాలు కంటికి కనిపించేది మాత్రమే చెప్పాలి. "దురాశ" అంటే బోర్డు మీద రాయను. దురాశ కనిపించదు కదా! కత్తి కనిపిస్తుంది. కుర్చీ కనిపిస్తుంది. మొదట అందరూ "ఇద్దరు తింటున్నారు" అంటారు. ఆగండి, ఇంకా చూడనివ్వండి. నా క్లాసులో వెనక బెంచీ పిల్లాడొకడు "సార్, ఆ పొట్టాయన సరిగ్గా కూర్చోలేదు, లేచి వంగాడు" అన్నాడు. ఆ మాటకి క్లాసు క్లాసంతా మళ్లీ బొమ్మ వైపు తిరిగింది. అవును, పిట్ నింపాదిగా కూర్చున్నాడు. నెపోలియన్‌కి మాత్రం కూర్చుంటే అందడం లేదు. ఎవరి ముక్క పెద్దది? పిట్‌ది. ఆ ముక్కలో ఏముంది? సముద్రం. నెపోలియన్ కత్తి ఎక్కడుంది? యూరప్ మీద. ఇంతవరకూ ఎవరూ అర్థం అన్న మాటే ఎత్తలేదు, కానీ సగం పని అయిపోయింది.

ఇక గుర్తుల సంగతి. పిట్ చేతిలో ఫోర్కు చూడండి, త్రిశూలంలా ఉంటుంది. త్రిశూలం అనగానే మన పిల్లలకి శివుడు గుర్తొస్తాడు. అది సహజం. గిల్‌రే బొమ్మలు కొన్న లండన్ జనానికి గుర్తొచ్చేది నెప్ట్యూన్, సముద్ర దేవుడు. అంటే ఆ ఫోర్కు బ్రిటన్ నౌకాబలం. అందుకే "గద్ద అంటే ఇది, పావురం అంటే అది" అని గుర్తుల పట్టిక బట్టీ పట్టించడం నాకు అస్సలు నచ్చదు. గుర్తు ఎవరి కోసం గీశారో వాళ్ల కళ్లతో చూడాలి.

తర్వాత, గిల్‌రే ఎక్కడ అతిచేసి గీశాడు? నెపోలియన్ అసలు ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు. ఆ కాలానికి మామూలు ఎత్తే. "నెపోలియన్ పొట్టివాడు" అని ఈరోజుకీ లోకం నమ్ముతోందంటే అందులో గిల్‌రే బొమ్మల పాత్ర చాలా ఉంది. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి. కార్టూన్ ఫొటో కాదు, ఒక మనిషి చేస్తున్న వాదన. వంకర ఎక్కడుందో వాదన అక్కడుంది.

"గిల్‌రే ఇంగ్లీషువాడు కాబట్టి పిట్ పక్షం" అని తేల్చేసే పిల్లలుంటారు. తొందరపడొద్దనండి. మళ్లీ పుడ్డింగ్ దగ్గరికి రండి. పిట్ చేతిలో కూడా కత్తి ఉంది కదా? పైగా పెద్ద ముక్క అతనిదే. నెపోలియన్‌ని ఎక్కువ వెక్కిరించాడు, నిజమే, కానీ పిట్‌ని వదిలిపెట్టలేదు.

తేదీ. ఇది చాలామంది దాటేస్తారు, నాకు మాత్రం ప్రాణం. 1805 జనవరిలో నెపోలియన్ శాంతి కోరుతూ బ్రిటన్ రాజుకి ఉత్తరం రాశాడు. ఆ మరుసటి నెలే ఈ బొమ్మ వచ్చింది. అంటే ఆ బల్ల దగ్గర జరుగుతున్నది శాంతి మాటల పేరిట పంపకం. తేదీ చూడని పిల్లలు "ట్రఫాల్గర్‌లో గెలిచారు కాబట్టి సముద్రం పిట్‌కి ఇచ్చాడు" అని రాస్తారు. బ్రిటన్ నౌకాదళం నెపోలియన్ పక్షాన్ని ఓడించిన ఆ ట్రఫాల్గర్ సముద్రయుద్ధం 1805 అక్టోబర్ 21. అప్పటికి ఇంకా ఎనిమిది నెలలు! గిల్‌రేకి తెలియని సంగతి మనం బొమ్మలో దూర్చకూడదు.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఒకే బొమ్మ ఇంకో తేదీకి ఇంకో మాట చెబుతుంది. దీనికి వేరే బొమ్మ తీసుకుందాం. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1754లో ముక్కలైన పాము బొమ్మ వేశాడు. "కలవండి, లేదా చావండి" అని దాని కింద మాట. అప్పుడది ఫ్రెంచివాళ్ల ముప్పు ముందు అక్కడి బ్రిటిష్ వలస ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని చెప్పింది. కొన్నేళ్లకి అదే పాముని బ్రిటన్‌కి ఎదురుతిరిగినవాళ్లు వాడుకున్నారు. ఈ రెండు సందర్భాలూ చెప్పి, పాము ఎవరిని బెదిరిస్తోందో పిల్లల్నే తేల్చమనండి. దీనికి పావుగంట చాలు.

"అర్థం ఏంటి" అన్న ప్రశ్న ఇదంతా అయ్యాక, చివర్లో అడగండి. జవాబు ఒక్క వాక్యంలో రాయించండి, కానీ "గిల్‌రే ఏమంటున్నాడంటే" అని మొదలవ్వాలి. కింద బొమ్మలోంచి రెండు ఆధారాలు. తర్వాత "నేను ఒప్పుకుంటానా" అని ఇంకో వాక్యం.

ఇంకొక్క ప్రశ్న, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: బొమ్మలో ఎవరు లేరు? పోయినసారి ఈ ప్రశ్న వేస్తే క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకమ్మాయి లేచి వచ్చి, తెర మీద ఆ పుడ్డింగ్ మీద వేలు పెట్టి అంది: "ఇక్కడ ఉండేవాళ్లు, సార్. వాళ్లకి కుర్చీ వెయ్యలేదు."