‘ఎ డే ఇన్ ది లైఫ్’: ఆ 24 బార్లలో ఏం జరుగుతోంది?

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి ముందు. ఫోన్ స్పీకర్లో ఈ పాట సగం కూడా వినపడదు. బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్, 1967, ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌లో ఆఖరి పాట.

జాన్ లెనన్ గొంతు గమనించండి. పేపర్ చదువుతున్నట్టే పాడతాడు. మొదట్లో కారు ప్రమాదంలో ఒకడి చావు, చివర్లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఊరి రోడ్ల మీద నాలుగు వేల గుంతలు. గుంతల సంగతి నిజంగానే ‘డెయిలీ మెయిల్’లో పడ్డ వార్త. చావుకైనా గుంతలకైనా ఆ గొంతులో పెద్ద తేడా లేదు.

ఇప్పుడు నిమిషం నలభై దాటించండి. ఇక్కడ ఏం పెట్టాలో తేలక 24 బార్లు (బార్ అంటే పాటలో ఒక తాళం చుట్టు) ఖాళీగా వదిలేశారు. వాళ్ల రోడ్ మేనేజర్ మాల్ ఎవాన్స్ ఒకటీ రెండూ అని పైకే లెక్కపెట్టి, చివర అలారం మోగించాడు. జాగ్రత్తగా వింటే ఆ లెక్క లీలగా వినిపిస్తుంది. అలారం కూడా ఉంచేశారు. తర్వాత పాల్ మెకార్ట్‌నీ పాడేది నిద్రలేవడం గురించే కదా, భలే కుదిరింది.

ఆ ఖాళీ నింపడానికి ఫిబ్రవరి 10న 40 మంది ఆర్కెస్ట్రా వచ్చింది. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ వాళ్లకు చెప్పింది ఇదీ: మీ వాయిద్యంలో అట్టడుగు స్వరంతో మొదలుపెట్టి పై స్వరానికి ఎక్కండి, పక్కవాడిని మాత్రం వినకండి. జీవితమంతా పక్కవాడితో కలిసి వాయించిన వాళ్లకు చెప్పే మాటేనా అది! పైగా అందరూ పార్టీ సూట్లలో, కొందరికి జోకర్ ముక్కులు, ఒక వయొలిన్ ఆయన చేతికి గొరిల్లా పంజా. నాలుగుసార్లు రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. అంటే 160 మంది వాయించినట్టు.

మీరూ చేసి చూడండి. నాలుగు స్ట్రింగ్ (తీగవాయిద్యాల) ట్రాకులు తీసుకుని, ఒక్కోదాన్నీ ఒక్కో వేగంతో కింది స్వరం నుంచి పైకి ఎక్కించండి. అన్నిటికీ ఒకే వేగం ఇస్తే అంబులెన్స్ సైరన్ వస్తుంది.

ఒక లైన్‌లో మత్తుమందుల సూచన ఉందని బీబీసీ ఈ పాటను నిషేధించింది. నాకు ఆ గొడవ కన్నా ఈ 24 బార్లే ముఖ్యం. పాడేవాడు పైకి చూపించని బెదురంతా ఇక్కడే బయటపడుతుంది.

చివర్లో మళ్లీ అదే ఎక్కుడు, ఈసారి అలారం లేదు. మూడు పియానోల మీద ఒక్కసారిగా ‘E మేజర్’ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం). మోత తగ్గేకొద్దీ ఇంజనీర్ ఫేడర్లు (శబ్దం పెంచే మీటలు) పైకి తోస్తూ పోయాడు, అందుకే 40 సెకన్లకు పైగా సాగింది. స్టూడియోలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా రికార్డయిపోయింది. ఏ సెకనులో వినపడిందో కింద రాయండి.