నరం కాదండీ, టెండన్

అందరికీ నమస్కారం.

2023 సెప్టెంబర్ 11 రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ రోజర్స్ కొత్త జట్టుకి ఆడిన తొలి మ్యాచ్‌లో నిమిషాల్లోనే కూలబడ్డాడు. ఎడమ మడమ వెనక పిక్క కండని ఎముకకి కలిపే అకిలిస్ టెండన్ తెగింది. అంతే, ఆ మాట కోసం జనం గూగుల్ మీద పడ్డారు. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు కోబీ బ్రయంట్‌కి 2013లో, కెవిన్ డ్యూరాంట్‌కి 2019లో తెగినప్పుడూ ఇదే తంతు.

ఏ మాటని జనం ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో కనిపించే గీతకి 0 నుంచి 100 దాకా కొలత. 100 అంటే వందమంది వెతికారని కాదు, మనం ఎంచుకున్న కాలంలో ఆసక్తి అన్నిటికన్నా పైకి వెళ్లిన చోటు. సున్నా అంటే చూపించడానికి చాలినంత లెక్క దొరకలేదని. ఎవరికీ నొప్పి లేదని కాదు!

నాకు ఆ సున్నాల మీదే ఆసక్తి. నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికొచ్చేవాళ్లలో 'టెండన్' అన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "నరం పట్టేసిందండీ", "నరం మీద నరం ఎక్కింది" అంటారు. నరం మెదడు కబురు మోసే తీగ. టెండన్ కండని ఎముకకి కట్టే తాడు. రెండిటికీ మన వాడుకలో ఒకటే మాట కావడంతో, ఫోన్లో 'నరం నొప్పి' అని కొట్టి, నరాల బలానికి బిళ్లలు కొనుక్కుని వస్తారు. తాడు అరిగితే తీగకి మందేం చేస్తుంది?

టెన్నిస్ ఎల్బో, అంటే మోచేతి బయటివైపు టెండన్ నొప్పి, అన్న పేరు మన ఇళ్లలోకి 2004లో సచిన్ మోచేతితో వచ్చింది. నేను చూసే టెన్నిస్ ఎల్బోలు మాత్రం బట్టలు పిండేవాళ్లవి, తాపీమేస్త్రీలవి. బ్యాట్ పట్టినవాళ్లు తక్కువ. పసిబిడ్డని పదేపదే ఎత్తుకునే తల్లికి బొటనవేలి వైపు మణికట్టు నొప్పెడుతుంది. అదీ టెండన్‌దే. ఇంట్లో మాత్రం "చన్నీళ్లలో చెయ్యి పెట్టావు" అని ఆమెనే తిడతారు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ వెతకరు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వల్ల అరుదుగా టెండన్ తెగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే మందు వివరాల కాగితం మీద పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లకి, స్టెరాయిడ్స్ వాడేవాళ్లకి ముప్పు ఎక్కువ. మనమేమో డాక్టర్ చీటీ లేకుండా షాపులో అడిగి తెచ్చుకుంటాం.

మడమ టెండన్ తెగినప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అప్పుడు గూగుల్ వద్దు, ఆస్పత్రికి వెళ్లండి. మెల్లగా అరిగిన మడమ టెండన్‌కైతే ఉత్త విశ్రాంతి చాలదు. మెట్టు అంచున నిలబడి మడమ నెమ్మదిగా దించే వ్యాయామాన్ని 1998లో స్వీడన్ డాక్టర్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 12 వారాలు చేయించి ఫలితం చూపింది. రోజుకి 180 సార్లు! వినగానే మా పేషెంట్లు నూనె మర్దనే నయం అంటారు.

సరే, ఇక మీరు అడగండి. ముందు వరసలో అమ్మగారు ఇందాకటి నుంచీ మోచెయ్యి పట్టుకునే కూర్చున్నారు, వారితో మొదలుపెడదాం.