తోడి గాంధారం, ఇత్తడి గొట్టం

శ్రోతలకు నమస్కారం.

సాక్సాఫోన్ అనగానే మన ఊళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపు. రంగు కోట్లు వేసుకున్న బ్యాండు మేళం, నెత్తిన లైట్లు మోసేవాళ్ళు, వాళ్ళ మధ్య ఒకాయన మెడలో పట్టీకి వేలాడే వంకర ఇత్తడి గొట్టం. ఆయన సినిమా పాట అందుకున్నాడంటే పెళ్ళికొడుకు స్నేహితులకు రోడ్డు చాలదు. ఆ గొట్టం మీద రెండున్నర గంటల కర్ణాటక సంగీత కచేరీ చేస్తానంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. అలా కచేరీ చేసి ప్రపంచమంతా తిరిగిన మనిషి కద్రి గోపాల్‌నాథ్. ఈ పూట ఆయన గురించి మాట్లాడుకుందాం.

1949లో కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లా సజీపమూడలో పుట్టారాయన. తండ్రి తనియప్ప నాదస్వర విద్వాంసుడు. ఇంట్లో పొద్దున లేస్తే వినిపించేది నాదస్వరమే, కొడుకు మొదట పట్టుకున్నదీ అదే. ఆ కుర్రాడు ఒకసారి మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సాఫోన్ విన్నాడు. ఇక మనసు దాని మీదే. మంగళూరు కళానికేతనంలో గోపాలకృష్ణ అయ్యర్ దగ్గర అభ్యాసం చేశాడు. తర్వాత మద్రాసు చేరి టి.వి.గోపాలకృష్ణన్‌కు శిష్యుడయ్యాడు. ఈ గురువుగారికి పేరు తెచ్చినవి గాత్రం, మృదంగం. గురువు పాడతారు, శిష్యుడు దాన్ని ఊదాలి. గొంతులో పలికిన జారును, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి తెగకుండా జరగడాన్ని, ఇత్తడిలో ఎలా రాబట్టాలన్నది మాత్రం శిష్యుడి తిప్పలు. వాద్యం పూర్తిగా లొంగడానికి ఇరవై ఏళ్ళు పట్టిందంటారు.

అన్నేళ్ళు ఎందుకు పట్టింది? నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. నాదస్వరంలో, వేణువులో వేలు నేరుగా రంధ్రం మీద ఉంటుంది. కాస్త జరిపితే స్వరం జారుతుంది, సగం మూస్తే ఊగుతుంది. సాక్సాఫోన్ రంధ్రాలు పెద్దవి. వాటి మీద మెత్త అతికించిన మూతలుంటాయి. వేలు మీటను నొక్కుతుంది, మూత పడుతుంది, ఒక స్వరం వస్తుంది. మీట వదిలితే ఇంకో స్వరం. మెట్ల మీద దిగినట్టే తప్ప జారుడుబల్ల మీద జారినట్టు ఉండదు. మన తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం ఉందే, అది ఒకచోట కుదురుగా నిలబడే రకం కాదు. ఊగుతూనే ఉండాలి. దాన్ని కదలకుండా పట్టి నిలబెడితే అది తోడి కాదు.

సరిగ్గా ఈ గొడవ మీదే హార్మోనియంను 1940లో రేడియో నుంచి బయటికి పంపారు. మెట్ల వాద్యానికి గమకం, అంటే స్వరాన్ని అలా ఊపడం, పలకదన్నది దాని మీద పెట్టిన నేరాల్లో ఒకటి. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు దానికి ఆకాశవాణి గడప తొక్కే యోగం లేకపోయింది. ఈ మాట రేడియోలోనే చెబుతున్నాను కాబట్టి కొంచెం మొహమాటంగానే ఉంది.

సాక్సాఫోన్‌ను కాపాడింది ఊపిరి. పేరుకు ఇత్తడే గానీ శబ్దం పుట్టేది నోటి దగ్గర బిగించిన చిన్న రెల్లు పత్తీలో, అంటే రీడ్‌లో. మా ఊళ్ళో బ్యాండు మేళం నడిపే పెద్దాయన ఒకాయన ఆ పత్తీని కాసేపు నోట్లో నానబెట్టి గానీ వాయిద్యం పట్టుకోడు. ఒకసారి నన్నూ ఊదమన్నాడు. బుగ్గలు నొప్పి పుట్టాయి గానీ దూడ అరిచినట్టు ఒక్క అరుపు తప్ప ఏమీ రాలేదు. నా ఫోనులో గోపాల్‌నాథ్ కచేరీ వీడియో పెట్టి ఆయనకు చూపించాను. నేను వేళ్ళకేసి చూస్తున్నాను. ఆయన తెరకు దగ్గరగా వంగి, "వేళ్ళు కాదు బాబూ, దవడ చూడు" అన్నాడు. నిజమే. కింది పెదవి బిగువు, గొంతులో గాలి ఒత్తిడి, ఆ రెండూ కలిసి స్వరాన్ని మెట్టు దించకుండానే కిందికి లాగుతున్నాయి.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో ఆయన వాయించినప్పుడు అమెరికా నుంచి వచ్చిన జాజ్ విద్వాంసుడు జాన్ హ్యాండీ విని ముగ్ధుడై, తానూ వేదికెక్కి ఆయనతో కలిసి వాయించాడు. విదేశీ ప్రయాణాలకు దారి తెరిచింది ఆ సాయంత్రమే. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవానికి పిలుపు వచ్చింది. ఆ ఏడాదే ఎ.ఆర్.రెహమాన్ సంగీతంలో 'డ్యూయెట్' సినిమాకు వాయించడంతో, కచేరీల మొహం చూడనివాళ్ళకు కూడా ఆ నాదం తెలిసిపోయింది. 2004లో పద్మశ్రీ.

ఇక మన సంబంధం. ఆయన పక్కన వయొలిన్ పట్టుకుని చాలా కచేరీలు చేసిన ఎ.కన్యాకుమారి మన విజయనగరం ఆడపడుచు. అంతకంటే దగ్గరి సంబంధం త్యాగరాజస్వామి తెలుగు. వాద్యంలో మాట వినపడదు. అయినా "ఎందరో మహానుభావులు" మొదలవగానే మనం లోలోపల మాటలు కలుపుకుంటూ పోతాం. వాయించేవాడికి సాహిత్యం తెలియకపోతే ఊపిరి తప్పుచోట తీసుకుంటాడు, మాట విరిగిపోతుంది. తెలుగు వచ్చినవాడి చెవి ఆ తప్పు ఇట్టే పట్టేస్తుంది.

స్వరకర్త అనే బిరుదు మనం కీర్తనలు కట్టినవాళ్ళకే ఇస్తాం. కచేరీలో రాగం తానం పల్లవి అనే అంశంలో అప్పటికప్పుడు స్వరకల్పన చేసేవాడు, అంటే సొంతంగా స్వరాలు అల్లేవాడు కూడా నా లెక్కలో కొంత స్వరకర్తే. గోపాల్‌నాథ్ పని మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ వాద్యం మీద అనుకరించడానికి ముందు దారి వేసిపెట్టినవాళ్ళు లేరు. తర్వాత వచ్చినవాళ్ళకు ఆ ఇబ్బంది తప్పింది. చెన్నైలో సాక్సాఫోన్ కచేరీలు చేస్తున్న ఎం.ఎస్.లావణ్య ఆయన శిష్యురాలే.

ఆయన ఎదుట కూర్చోకుండానే మారిపోయినవాడు ఇంకొకడు. రుద్రేశ్ మహంతప్ప అమెరికాలో పెరిగిన కన్నడ కుటుంబం కుర్రాడు, జాజ్ సాక్సాఫోన్ చదువుకుంటున్నాడు. ఆటపట్టించడానికి వాళ్ళన్న ఒక సీడీ తెచ్చిచ్చాడు. దాని పేరు 'శాక్సఫోన్ ఇండియన్ స్టైల్'. తీరా వింటే అది గోపాల్‌నాథ్‌ది, వేళాకోళం కాస్తా ఎగిరిపోయింది. తర్వాత రుద్రేశ్ స్వయంగా వచ్చి ఆయనతో కలిసి పనిచేశాడు, 2008లో ఇద్దరూ కలిసి 'కిన్స్‌మెన్' ఆల్బం తెచ్చారు. అంటే రక్తసంబంధీకులని. రుద్రేశ్ ఇప్పుడు సొంతంగా బాణీలు కడతాడు, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జాజ్ విభాగాన్ని నడుపుతూ పిల్లలకు చెబుతాడు.

గోపాల్‌నాథ్ 2019 అక్టోబరులో మంగళూరులో కన్నుమూశారు. ఆ కబురు చెబితే మా బ్యాండు పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ వీడియో ఇంకోసారి పెట్టు బాబూ" అన్నాడు. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు.