మద్రాసులో దొరికిన ‘ఆసియా’

హోస్ట్: గ్రహశకలానికి ‘ఆసియా’ అని పేరుందని మీరు ఫోన్లో చెప్తే నమ్మలేదండీ. ఖండం పేరు తీసుకెళ్లి రాయికి పెట్టారా?

అతిథి: పెట్టారు. పైగా అది దొరికింది మద్రాసులో. 1861 ఏప్రిల్ 17, నుంగంబాకం అబ్జర్వేటరీ. నార్మన్ పాగ్సన్ అని, ఆ ఏడాదే ఇంగ్లండ్ నుంచి వచ్చి అక్కడ చేరాడు. ఆసియా గడ్డ మీద నుంచి కనిపెట్టిన మొట్టమొదటి గ్రహశకలం కాబట్టి ఆ పేరు. వరసలో 67వది. అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న పట్టీలోదే.

హోస్ట్: కెమెరా లేదు, కంప్యూటర్ లేదు. ఎలా పట్టాడు?

అతిథి: కళ్లతోనే. టెలిస్కోపు పక్కన నక్షత్రాల పటం పెట్టుకుని ఒక్కో చుక్కనీ సరిచూసుకోవాలి. పటంలో లేనిదొకటి కనబడిందనుకోండి, వెంటనే సంబరపడటానికి లేదు. పటం గీసినవాడే దాన్ని వదిలేసి ఉండొచ్చు. లేదా వెలుగు పెరిగి తగ్గే నక్షత్రం కావచ్చు. చోటు రాసిపెట్టుకుని, కొన్ని గంటలాగో మర్నాడు రాత్రో మళ్లీ చూడాలి. చుట్టూ ఉన్నవన్నీ ఎక్కడివక్కడే ఉండి, ఇదొక్కటే కాస్త జరిగిందా, అప్పుడు దొరికినట్టు. మర్నాడు మబ్బు పడితే ఇక అంతే సంగతులు!

హోస్ట్: జరిగిందని తేలిపోయింది. ఇక పేరు పెట్టేయడమేగా?

అతిథి: ఆ రోజుల్లో దాదాపు అంతే. ఇప్పుడు కుదరదు. నన్నడిగితే ఇప్పటి పద్ధతే మేలు. మొట్టమొదట దొరికిన గ్రహశకలం సీరిస్ సంగతి చూడండి. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో పియాజీ అనే ఖగోళవేత్త దాన్ని చూశాడు, ఫిబ్రవరి దాకా వెంబడించాడు. తర్వాత అది సూర్యుడి వెలుగులో పడి మాయమైంది. 24 ఏళ్ల గణితవేత్త గౌస్ లెక్కగట్టి ఫలానా చోట వెతకండని చెప్తే, ఏడాది చివరికి మళ్లీ చిక్కింది. కక్ష్య తెలీనిదానికి పేరు పెట్టి ఎక్కడని పిలుస్తాం? అందుకే ముందు తాత్కాలిక గుర్తు. కక్ష్య ఖాయమయ్యాక, వీటి లెక్కలు చూసే అంతర్జాతీయ కేంద్రం మైనర్ ప్లానెట్ సెంటర్ నంబరు ఇస్తుంది. పేరు ఆ తర్వాతే.

హోస్ట్: ఆ తాత్కాలిక గుర్తులే నాకు కొరుకుడుపడవు.

అతిథి: ఒకటి విప్పుదాం. ‘1988 డీక్యూ1’. 1988 అంటే సంవత్సరం. దాని పక్క అక్షరం ఏ సగం నెలలో దొరికిందో చెప్తుంది. ‘ఏ’ అంటే జనవరి మొదటి సగం, ‘బీ’ అంటే రెండో సగం. అలా లెక్కేస్తూ రండి.

హోస్ట్: సీ ఫిబ్రవరి మొదటి సగం... డీ రెండో సగం!

అతిథి: అంతే. ఇక క్యూ ఎన్నో అక్షరం? ఐ వదిలేయండి, ఒకటి అంకెలా కనబడుతుందని వాడరు.

హోస్ట్: ఏ, బీ, సీ... పదహారు.

అతిథి: చివరున్న 1 అంటే పాతిక అక్షరాలూ ఒక చుట్టు అయిపోయాయని. పాతికా పదహారు, నలభై ఒకటి. ఆ సగం నెలలో నమోదైన 41వది అన్నమాట. తమిళనాడు కావలూరు నుంచి ఫిబ్రవరి 17న ఆర్. రాజమోహన్ పట్టుకున్నది. తర్వాత 4130 నంబరు వచ్చింది, రామానుజన్ అని పేరు పెట్టారు. భారతదేశం నుంచి అంతకుముందు దొరికింది 1885లో, అదీ పాగ్సన్‌కే. మధ్యలో వందేళ్లకు పైగా ఖాళీ!

హోస్ట్: మరి నేనొకటి కనిపెడితే నా పేరే పెట్టుకోవచ్చా?

అతిథి: సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు. నంబరు వచ్చాక పేరు సూచించడానికి కనిపెట్టినవారికి పదేళ్ల గడువు. 16 అక్షరాలు దాటకూడదు. రాజకీయ నాయకులైతే పోయి వందేళ్లు కావాలి.

హోస్ట్: మా పిల్లి పేరు?

అతిథి: ఆ దారి మూసేశారండీ! 1971లో జేమ్స్ గిబ్సన్ కనిపెట్టినదానికి ‘మిస్టర్ స్పాక్’ అని పేరు పెట్టారు. స్టార్ ట్రెక్ పాత్ర పేరే, కానీ పెట్టింది ఆ పాత్రను చూసి కాదు, ఆ పేరున్న తన పిల్లిని చూసి. దాంతో ఇక పెంపుడు జంతువుల పేర్లు వద్దన్నారు.

హోస్ట్: ఈ ఎపిసోడ్ మా పిల్లికి వినిపించను.