ఏ పిల్లిని ఇంటికి తెచ్చుకోవాలి?

శ్రోతలకు నమస్కారం.

పిల్లిని పెంచుకుందామని ఇంట్లో అనుకోగానే మాట రంగు మీదికి మళ్లుతుంది. తెల్లదా, నల్లదా, మూడు రంగులదా, బొచ్చు బాగా ఉన్నదా... ఫోన్లో ఫొటోలు తిప్పుతూ పోతే ఎక్కడో ఒక ముఖం ముద్దొస్తుంది. ఇక అదే కావాలని ఇంటిల్లిపాదీ పట్టుబడతారు. ఆ నిర్ణయాన్ని ఒక్క వారం వాయిదా వేయమని నా మనవి. పిల్లి మామూలుగా 12 నుంచి 18 ఏళ్లు బతుకుతుంది. ఇంటిపట్టునే ఉంచి బాగా చూసుకుంటే 20 ఏళ్లు దాటినవీ ఉన్నాయి. ఇవాళ ఒకటో తరగతి చదువుతున్న మీ పాప కాలేజీ ముగించేవరకూ అది మీతోనే ఉండొచ్చు. అన్నేళ్లు కలిసి బతకాలంటే చూసుకోవాల్సింది దాని స్వభావం. రంగుదేముంది, వారం రోజుల్లో కంటికి అలవాటైపోతుంది.

పిల్లిని చూడటానికి వెళ్లేముందు మన ఇంటి సంగతి చూసుకుందాం. పొద్దున్నే తాళం వేసి, చీకటి పడ్డాక తలుపు తీసే ఇల్లా? ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇల్లా? తప్పటడుగులు వేసే పసివాళ్లున్నారా? కాళ్లకు అడ్డం పడితే తూలిపోయే పెద్దవాళ్లున్నారా? అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకుంటారా? ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా ముందే కూర్చుని మాట్లాడుకోండి. తెచ్చాక వాళ్లే సర్దుకుంటార్లే అని తెచ్చేస్తే, చివరికి వీధిన పడేది పిల్లే.

ఎలర్జీ విషయం కూడా ముందే తేల్చుకోవాలి. బొచ్చు వల్ల ఎలర్జీ వస్తుందనుకుని, బొచ్చు తక్కువున్న పిల్లి కోసం వెతికేవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు కారణం ఎక్కువగా ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి లాలాజలంలోనూ చర్మం కింది నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు వెంట్రుకలకు అంటుకుని, ఎండి, పొడిగా గాల్లో కలుస్తుంది. ఒంటి మీద దాదాపు బొచ్చే లేని స్ఫింక్స్ జాతి పిల్లిలోనూ ఆ ప్రోటీన్ ఉంటుంది. కాబట్టి ఎలర్జీ రాని జాతి అని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే ఒక్కో పిల్లిలో అది ఒక్కో మోతాదులో ఉంటుంది. అందుకని ఎలర్జీ ఉన్నవాళ్లు మీరు తెచ్చుకోదలచిన ఆ పిల్లి దగ్గరే రెండు మూడుసార్లు గంటసేపైనా గడిపి చూడాలి.

ఇంట్లో మాంసం ముట్టనివాళ్లు ఆలోచించుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. పిల్లి శరీరం మాంసం మీదే ఆధారపడి తయారైంది. దానికి కావాల్సిన టారిన్ అనే పదార్థం మాంసంలో, చేపలో దొరుకుతుంది. అది చాలకపోతే పిల్లికి చూపు దెబ్బతింటుంది, గుండె బలహీనపడుతుంది. పాలు, అన్నంతో పెంచుదామంటే కుదరదు. పైగా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఇంట్లో మాంసం డబ్బా తెరవడం మీకు ఇబ్బంది అనిపిస్తే, పిల్లిని తెచ్చుకోకపోవడమే మంచిది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పిల్లికూనను తెచ్చుకోవాలా, ఎదిగిన పిల్లినా? అడిగినవాళ్లలో పదికి తొమ్మిదిమందికి కూనే కావాలి. చిన్నప్పుడు తెస్తే మనకు తగ్గట్టు పెరుగుతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకంలో నిజం కొంతే. పిల్లికి మనిషితో మాలిమి ఏర్పడే కాలం చాలా చిన్నది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా, అంతే. ఆ రోజుల్లో మనుషుల చేతుల్లో మెలిగిన కూన జీవితాంతం మనుషులంటే ఇష్టపడుతుంది. ఆ రోజులు మనిషి స్పర్శ తెలియకుండా గడిచిపోతే, తర్వాత ఎంత ముద్దు చేసినా ఆ బెదురు పూర్తిగా పోవడం కష్టం. అంటే మీ ఇంటికి వచ్చేసరికే సగం కథ నడిచిపోయి ఉంటుంది. తండ్రి పిల్లి ధైర్యం గలదైతే, దాన్ని ఎన్నడూ చూడకపోయినా కూనల్లో ఆ ధైర్యం కనిపిస్తుందని కూడా పరిశోధనల్లో తేలింది.

అందుకే కూనను చూడటానికి వెళ్తే ముందు ఇవి అడగండి: ఎక్కడ పుట్టింది? ఎవరు ఎత్తుకుని ఆడించారు? తల్లి దగ్గర ఎన్ని వారాలుంది? 2017లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ పరిశోధకులు దాదాపు 6,000 పిల్లుల వివరాలు సేకరించి చూశారు. 8 వారాల లోపే తల్లి నుంచి వేరుచేసినవాటిలో దుడుకుతనం ఎక్కువగా కనిపించింది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో కూన నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గరే. కనీసం 8 వారాలు, వీలైతే 12 వారాలు నిండాకే తెచ్చుకోండి. అరచేతిలో ఇమిడే నెల కూనను చూపించి, ఇప్పుడే తీసుకెళ్లండి అని తొందరపెట్టేవాళ్లుంటే, అలాంటిచోట తీసుకోకండి.

ఇంకో మాట. కూనను తేవాలనే అనుకుంటే, కలిసి పెరిగిన రెండింటిని తీసుకోవడం గురించి ఆలోచించండి. ఒంటరి కూనకు ఆటబొమ్మ మన చెయ్యీ కాలూ అవుతాయి. రెండుంటే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, తరుముకుంటాయి, అలసి పడుకుంటాయి. ఖర్చు పెరుగుతుంది నిజమే, కానీ రాత్రి రెండు గంటలకు మీ మొహం మీద గెంతులు తగ్గుతాయి.

నా సలహా మాత్రం, మొదటిసారి పిల్లిని పెంచేవాళ్లు రెండేళ్లు దాటిన పిల్లిని తెచ్చుకోమనే. దాని స్వభావం అప్పటికి స్థిరపడి ఉంటుంది. ఒళ్లో కూర్చునే రకమా, పక్కన కూర్చునే రకమా, పిల్లలంటే పారిపోతుందా, కుక్కతో ఉండగలదా అన్నవి చూసుకుని తీసుకోవచ్చు. కూన విషయంలో ఇవన్నీ ఊహలే. దిక్కులేని జంతువుల్ని చేర్చుకునే షెల్టర్లలో పదేళ్లు దాటిన పిల్లుల్ని అడిగే నాథుడే ఉండడు. వాటికి కిడ్నీ జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ, మందుల ఖర్చు ఉంటుంది. అదంతా తెలిసే తెచ్చుకునే ప్రశాంతమైన ఇంట్లో మాత్రం, ముఖ్యంగా రిటైరైన దంపతుల ఇంట్లో, అంతకన్నా మంచి తోడు దొరకదు.

సరే, షెల్టర్‌కి వెళ్లారు. గదిలో ఏడెనిమిది పిల్లులున్నాయి. చాలామంది చేసే పని, నచ్చినదాని దగ్గరికి వెళ్లి పైనుంచి చెయ్యి చాపడం. పిల్లికి అది దాడిలా అనిపిస్తుంది. అలా చేయకండి. ఒక మూల నేలమీద కూర్చోండి. కళ్లల్లోకి గుచ్చి చూడకుండా, ఏదో మీ పని మీరు చేసుకుంటున్నట్టు ఓ పావుగంట ఉండండి. ఏది వస్తుందో అదే వస్తుంది. వచ్చినదానికి చూపుడు వేలు ముడిచి, దాని ముక్కు ఎత్తుకు సరిగ్గా పట్టుకోండి. వాసన చూస్తుంది. నచ్చితే బుగ్గను మీ వేలికి రాస్తుంది. తోక నిటారుగా లేచి, కొస కొంచెం ఒంగి ఉంటే అది స్నేహం. అప్పుడు బుగ్గల మీద, గడ్డం కింద మెల్లగా గోకండి. పొట్ట జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష. దాని వైపు చూస్తూ కళ్లు సగం మూసి, మెల్లగా తెరవండి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. మనిషి అలా నెమ్మదిగా కళ్లు ఆర్పినప్పుడు పిల్లులు కూడా అలాగే ఎక్కువగా కళ్లు ఆర్పాయి, కొత్త మనిషి చాపిన చేతి దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి. మీరు చూసే పిల్లి జవాబివ్వకపోతే కంగారుపడకండి. కొత్తచోట బెరుకుగా ఉందని మాత్రమే దానికి అర్థం.

నిమురుతున్నప్పుడు అది ఎక్కడ ఆపమంటుందో గమనించండి. తోక కొసను టపటపా కొట్టడం, వీపు మీద చర్మం ఒక్కసారి వణకడం, చెవులు పక్కకు తిరగడం అందుకు గుర్తులు. వెంటనే చెయ్యి తీసేయండి. ఇలా ముందుగా హెచ్చరించి, దూరం జరిగి, అవసరమైతే లేచి వెళ్లిపోయే పిల్లి చిన్నపిల్లలున్న ఇంటికి బాగా సరిపోతుంది. ఏ సూచనా లేకుండా చటుక్కున పళ్లు దింపేది పిల్లల ఇంటికి పనికిరాదు. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇంట్లో అదే పిల్లి హాయిగా బతకొచ్చు.

గదిలో అందరికన్నా వెనక, పెట్టెలో దాక్కున్న పిల్లి గురించి కూడా ఒక మాట చెప్పాలి. షెల్టర్‌లో వినిపించే అరుపులు, కుక్కల మొరుగు, వచ్చిపోయే కొత్త మనుషులు, ఇవన్నీ పిల్లికి పెద్ద టెన్షన్. అక్కడ నక్కి ఉన్నది ఇంట్లో కూడా అలాగే ఉంటుందని చెప్పలేం. దానికి రోజూ తిండి పెట్టేవాళ్లను పట్టుకుని అడగండి. మీరు ఐదు నిమిషాల్లో చూడలేనిది వాళ్లకు తెలుసు. జనం తక్కువుండే వేళ చూసుకుని మరోసారి వెళ్లండి. మొదటిరోజు గోడవైపు తిరిగి పడుకున్న పిల్లి, మూడోసారి వెళ్లినప్పుడు మీ చెప్పులు వాసన చూస్తే, ఓపికగల ఇంట్లో అది బాగా మచ్చికవుతుందని నమ్మొచ్చు.

ఆరోగ్యం గురించి ఎక్కువ చెప్పను, అది వెట్, అంటే పశువుల డాక్టర్, చూడాల్సిన పని. మీరు చూడగలిగినవి మాత్రం చూడండి. కళ్లు, ముక్కు కారకూడదు. చెవిలో కాఫీ పొడిలా నల్లటి మురికి ఉంటే చెవి పురుగులున్నట్టు, మందుతో తగ్గుతాయి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. వ్యాక్సిన్లు వేశారా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా, పిల్లులకు వచ్చే లుకీమియా వైరస్‌కు, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ అనే వైరస్‌కు పరీక్ష చేశారా అని అడిగి కాగితాలు తీసుకోండి. ఇంట్లో ముందే పిల్లి ఉంటే ఈ పరీక్షలు తప్పనిసరి. ఆపరేషన్ కాని ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే కడుపుతో ఉండే అవకాశం ఉందని మర్చిపోకండి. ఆపరేషన్ అయ్యాక ఆడదా మగదా అన్న తేడా స్వభావంలో పెద్దగా ఉండదు.

జాతి పిల్లులే కావాలనేవాళ్లకు ఒక విషయం గట్టిగా చెప్పాలనుంది. చెవులు ముందుకు మడిచినట్టుండే స్కాటిష్ ఫోల్డ్ పిల్లి ఫొటోలు అందరూ చూసే ఉంటారు. 1961లో స్కాట్లాండ్‌లోని ఒక పొలం దగ్గర కనిపించిన పిల్లితో ఈ జాతి మొదలైంది. ఆ చెవి మడతకు కారణం మృదులాస్థిని, అంటే మెత్తటి ఎముకను, బలహీనపరిచే జన్యులోపం. ఆ లోపం చెవులతో ఆగదు. కాళ్ల కీళ్లలో, తోకలో, ఒంట్లో మృదులాస్థి ఉన్నచోటల్లా ఉంటుంది. చాలావాటికి చిన్న వయసులోనే కీళ్లు బిగుసుకుపోయి నడకే నొప్పవుతుంది. పిల్లి నొప్పిని దాచుకునే జీవి కాబట్టి మనకు బుద్ధిగా, కదలకుండా కూర్చున్నట్టు కనిపిస్తుంది. దయచేసి ఆ చెవుల కోసం డబ్బు పెట్టి కొనకండి. మనం కొన్నన్నాళ్లూ వాటిని పుట్టిస్తూనే ఉంటారు.

ముఖం బాగా చదునుగా ఉండే పెర్షియన్లదీ బాధే. ఊపిరి సరిగ్గా ఆడదు, కళ్లు ఎప్పుడూ కారుతుంటాయి, బొచ్చు రోజూ దువ్వకపోతే ఉండలు కడుతుంది. మెయిన్ కూన్, రాగ్‌డాల్ జాతుల్లో వంశపారంపర్యంగా వచ్చే గుండెజబ్బు ఉంది. తల్లిదండ్రులకు జన్యుపరీక్ష చేయించిన కాగితం చూపించమని, పిల్లుల్ని పుట్టించి అమ్మే బ్రీడర్‌ను అడగండి. నసిగేవాళ్ల దగ్గర తీసుకోవద్దు. సియామీస్ రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. నిశ్శబ్దం కోరుకునే ఇంటికి, పగలంతా ఖాళీగా ఉండే ఇంటికి అది నప్పదు. తెల్లటి ఒంటితో రెండు కళ్లూ నీలంగా ఉన్నవాటిలో సగానికి పైగా చెవుడుతో పుడతాయి. బయటికి వదలకుండా పెంచితే వాటికి ఏ లోటూ ఉండదు. ఏ జాతీ కాని మామూలు పిల్లులు వీటన్నిటికన్నా తక్కువ జబ్బులతో, ఎక్కువ వైవిధ్యంతో ఉంటాయి. నా ఓటు ఎప్పుడూ వాటికే.

ఎంచుకున్నాక ఇంటికి తేవడం. మొదటి వారం ఇల్లంతా చూపించకండి. ఒకే గది, అందులో తిండి ఒక మూల, అది మలమూత్రాలు పోసుకునే లిట్టర్ బాక్స్ దూరంగా మరో మూల, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె చాలు. ఇంట్లో లిల్లీ పూలు (మనం లిల్లీ అని పిలిచే నేలసంపెంగ కాదు, బొకేల్లో పెట్టే పెద్ద రేకుల లిల్లీలు) ఉండకూడదు. వాటి పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడైపోతాయి. జ్వరమేమో అని పారాసిటమాల్ వేయకండి, ఒక్క బిళ్లతోనే ప్రాణం పోవచ్చు. అది మంచం కింద దూరి రెండు రోజులు బయటికి రాకపోతే లాగకండి. రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి తిని వెళ్తుంది. పొద్దున గిన్నె చూస్తే తెలిసిపోతుంది. గిన్నె మొదటి రోజు ముట్టకపోయినా ఫర్వాలేదు. రెండో రోజు కూడా అలాగే నిండుగా ఉంటే మాత్రం ఆగకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, కొద్ది రోజుల్లోనే కాలేయం దెబ్బతింటుంది. షెల్టర్‌లో అది ఏ తిండి తినేదో అడిగి, మొదటి కొన్ని రోజులు అదే పెడితే ఈ ఇబ్బంది చాలావరకు రాదు.

నమస్కారం.